అబెబె బికిలా

ఆఫ్రికా ఖండమున ఈశాన్యభాగమందు ఇథియోపియా యను దేశము కలదు. అది కొండలకును పీఠభూములకును నెలవు. దాని రాజధాని యగు అడిస్ అబాబా నగరము సముద్రమట్టమునకు సుమారు 2,400 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటి గాలి పలుచన. పల్లపు దేశములనుండి క్రొత్తగా వచ్చినవారు నాలుగడుగులు వడిగా వేసినచో రొప్పుదురు. అచ్చటనే పుట్టి పెరిగినవారికి ఆ గాలి అలవాటై, కొండలెక్కుటయు దిగుటయు ఆటవలె నుండును. అట్టి దేశమున, జాటో యను పల్లెలో, 1932వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన ఒక పేద పశువుల కాపరి యింట అబెబె జన్మించెను. బికిలా యనునది తండ్రి పేరు. ఇథియోపియాలో కుమారుని పేరునకు తండ్రి పేరు చేర్చి పిలుచుట ఆచారము. సరిగా ఆనాడే అమెరికాలోని లాస్ ఏంజెలీస్ నగరమున ఒలింపిక్ క్రీడలలోని మారథాన్ పరుగుపందెము జరుగుచుండెను. ఆ పల్లెలో ఆ సంగతి యెఱిగినవారు లేరు.

అబెబెకు మూడేండ్లు నిండిన కొలదికాలమునకే, అనగా 1935లో, ఇటలీ నియంతయైన ముస్సోలినీ ఇథియోపియాపై దండెత్తెను. 1936 మే నెలలో అడిస్ అబాబా శత్రువుల వశమయ్యెను. చక్రవర్తి హైలే సెలాసీ విదేశములకు పోవలసి వచ్చెను. అబెబె కుటుంబము వేఱొక మారుమూల ప్రాంతమునకు తరలిపోయెను. విజేతలు ఆక్సుమ్ అను ప్రాచీన నగరమునుండి సుమారు పదునేడు వందల యేండ్లనాటి యొక మహాశిలాస్తంభమును ముక్కలుగా ఓడపై కెక్కించి, 1937లో రోము నగరమున నిలిపిరి. 24 మీటర్ల యెత్తుగల ఆ స్తంభము ఒక జాతి పరాభవమునకు చిహ్నమై పరదేశమున నిలిచి యుండెను. 1941లో ఇథియోపియాకు స్వాతంత్ర్యము మఱల లభించెను గాని, స్తంభము మాత్రము తిరిగి రాలేదు.

అబెబె చిన్ననాట పశువులను మేపెను. గెనా అను కోలబంతి ఆటలో దిట్ట యనిపించుకొనెను. ఆ యాటయందు గుంపులుగా చేరి బయళ్లవెంట దూరదూరము పరుగెత్తవలెను. పాదములకు చెప్పులు లేవు. రాళ్లు, ముండ్లు, ఎండకు కాగిన నేల, వానకు నానిన బురద, అన్నియు ఆ పాదములకు పరిచయములే. ఏండ్లు గడచినకొలది అరికాళ్లు గట్టిపడెను. ఇది పేదఱికము పెట్టిన శిక్ష. ఒకనాడు అదియే పెట్టుబడి యగునని ఎవరు తలంతురు?

ఇరువదేండ్ల ప్రాయమున అబెబె అడిస్ అబాబా చేరి చక్రవర్తి అంగరక్షక దళమున సైనికుడుగా చేరెను. దళములోని సైనికులకు వ్యాయామమును, క్రీడలను నేర్పుటకు స్వీడన్ దేశమునుండి వచ్చిన ఓనీ నిస్కానెన్ అను శిక్షకు డుండెను. ఆతడు సన్నగా, పొడవుగా, మితభాషియై యున్న యీ సైనికుని పరుగును గమనించెను. పరుగెత్తునపుడు అబెబె తల కదలదు. భుజములు బిగుసుకొనవు. ముఖమున శ్రమ కానరాదు. పాదము నేలను తాకినదో లేదో యన్నట్లు తేలికగా పడి లేచును. ఇట్టివాడు దూరపు పరుగునకు పుట్టినవాడని శిక్షకుడు నిశ్చయించెను.

దూరపు పరుగులలో మిక్కిలి కఠినమైనది మారథాన్. దాని దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు, అనగా మూడు ఆమడలకు మించినది. గ్రీకుల ప్రాచీన యుద్ధకథనుండి దానికా పేరు వచ్చెను. ఈ పందెమున ఒక్కొక్క పాదము వేలకొలది సారులు నేలను తాకును. ఇంటివద్ద నడచునపుడు తెలియని చిన్న లోపము, మేజోటి ముడుత గాని, బూటు లోపలి కుట్టు గాని, ఇచ్చట గాయమై కూర్చుండును. పాదము చెమర్చును. చెమటకు తడిసిన చర్మము మెత్తబడును. మెత్తబడిన చర్మము బూటుతో రాచుకొని వేడెక్కి బొబ్బలెక్కును. బొబ్బ చిట్లినచో ఊపిరి యెంత యున్నను, గుండె యెంత గట్టిదైనను కాలు సాగదు. కావున మారథాన్ వీరునకు కాలికి తొడుగు బూటు యుద్ధవీరునకు కవచమువంటిది. సరియైనదైనచో రక్షించును, సరిపడనిదైనచో అదియే శత్రువగును.

1960వ సంవత్సరమున ఒలింపిక్ క్రీడలు రోము నగరమున జరుగ నిర్ణయింపబడెను. ఇథియోపియా తరఫున మారథాన్ పరుగెత్తువారిలో అబెబె యొకడు. బయటి ప్రపంచమున ఆతని పేరు వినినవారు లేరు. రోము చేరుసరికి ఆతని పాత బూట్లు అరిగిపోయి యుండెను. అచ్చట క్రొత్తబూట్లు సంపాదించిరి గాని అవి ఆతని పాదములకు అమరలేదు. కొలది సాధనతోనే వ్రేళ్లు నొక్కుకొని బొబ్బలు లేచెను. క్రొత్తబూట్లు మెత్తబడి పాదము తీరునకు లొంగుటకు వారములు పట్టును. పందెమునకు అంత వ్యవధి లేదు.

గురుశిష్యులు ఆలోచించిరి. బూట్లతో పరుగెత్తినచో పది పదునైదు కిలోమీటర్లలోనే పాదములు పుండ్లగుట నిశ్చయము. బూట్లు లేక పరుగెత్తినచో రోములోని రాతిబాటలు ఎదురుగా నున్నవి. పందెపు దారిలో కొంతభాగము ఆపియన్ మార్గము. క్రీస్తునకు పూర్వము 312లో రోమనులు ప్రారంభించిన ఆ బాటపై నల్లని బండఱాళ్లు ఎగుడుదిగుడుగా పరచి యుండును. పైగా చీకటిపడిన పిమ్మట ఆ బాటపై పోవలెను. కాలికింద ఏమున్నదో కానరాదు. అయినను నిస్కానెన్ తొందరపడలేదు. తన దేశమున అబెబె బూట్లతోను, బూట్లు లేకయు సాధన చేసినవాడే. వట్టికాళ్లు ఆతనికి క్రొత్త కావు, క్రొత్తవి బూట్లే. తెలియని బూటుకంటె తెలిసిన పాదమే మేలని యిద్దఱును నిశ్చయించుకొనిరి. దేశాభిమానమును చాటుటకే అబెబె బూట్లు విడిచెనని తరువాతి కాలమున పలువురు కథలు చెప్పుకొనిరి. కాని అసలు కారణము ఇంత చిన్నది: బూటు పాదమునకు సరిపడలేదు.

1960 సెప్టెంబరు 10వ తేదీ సాయంకాలము కాపిటోలిన్ కొండ ముంగిట పందెము ప్రారంభమయ్యెను. వివిధ దేశములకు చెందిన 69 మంది పందెగాండ్రు నిలిచి యుండిరి. వారి నడుమ ఆకుపచ్చని బనియను, ఎఱ్ఱని పొట్టిలాగు ధరించి, 11వ సంఖ్య కట్టుకొని, వట్టికాళ్లతో నిలిచిన నల్లని యువకుని కొందఱు వింతగా చూచిరి. ఇతడు సగము దారిలో కుంటుచు నిలిచిపోవునని తలచినవారే హెచ్చు.

అబెబె మొదట తొందరపడలేదు. మొరాకో దేశపు రాదీ బెన్ అబ్దెసలామ్ గట్టి ప్రత్యర్థియని, ఆతని సంఖ్య 26 అని ముందే చెప్పియుండిరి. అబెబె ఆ సంఖ్యకై వెదకుచు ఒక్కొక్కరిని దాటిపోవుచుండెను. 26వ సంఖ్య ఎచ్చటను కానరాలేదు. సగము దూరము గడచుసరికి ముందువరుసలో ఇద్దఱే మిగిలిరి. ఒకడు అబెబె, రెండవవాడు 185వ సంఖ్య కట్టుకొనినవాడు. 26వ సంఖ్యవాడు తమకు ముందు ఎంతో దూరమున పోవుచున్నాడని అబెబె యెంచి వడి తగ్గింపలేదు. తన ప్రక్కన అడుగులో అడుగువేయుచున్న 185వ సంఖ్యవాడే రాదీ యని ఆతడెఱుగడు.

సూర్యు డస్తమించెను. ఆపియన్ మార్గమున ఇరువైపుల సైనికులు దివిటీలు పట్టుకొని నిలిచిరి. ఆ వెలుగులో ఒకనికి బూట్ల చప్పుడు, ఒకనికి చప్పుడు లేని అడుగులు. నల్లని బండలపై ఆ పాదములు ఎచ్చటను తడబడలేదు. పందెము ముగియుటకు కొలది దూరమున దారి ప్రక్కన ఒక యున్నత శిలాస్తంభము కానవచ్చెను. అది ఆక్సుమ్ నుండి తెచ్చినదే. ముందే దారిని చూచుకొనిన గురుశిష్యులు, తుదివేగమునకు అదియే గుఱుతని నిర్ణయించుకొని యుండిరి. పరాజిత దేశమునుండి తెచ్చిన స్తంభమును చేరగానే ఆ దేశపు సైనికుడు వేగము హెచ్చించెను. రాదీ వెనుకబడెను. కాన్‌స్టాంటైన్ తోరణము క్రింద దీపముల వెలుగులో అబెబె ఒంటరిగా గమ్యము చేరెను. పట్టిన కాలము 2 గంటల 15 నిమిషముల 16.2 సెకనులు. అంతవరకు ప్రపంచమున ఎవ్వరును మారథాన్ పరుగును అంత త్వరగా ముగింపలేదు. రాదీ 25 సెకనుల వెనుక వచ్చెను. చూచువారు అబెబె కూలిపోవునని యెదురుచూచుచుండగా, ఆతడు నెమ్మదిగా అంగసాధన చేయ మొదలిడెను. ఇథియోపియా దేశమునకు ఒలింపిక్ క్రీడలలో లభించిన మొదటి స్వర్ణపతకము అది.

స్వదేశమున అబెబెకు ఘనస్వాగతము లభించెను. చక్రవర్తి బిరుదు పతకము నిచ్చి పదోన్నతి కలిగించెను. ఆ డిసెంబరులోనే అంగరక్షక దళమున తిరుగుబాటు చెలరేగెను. అబెబె అందు పాల్గొనలేదు. అయినను కొలదికాలము నిర్బంధమున నుంచి, నిర్దోషి యని తెలిసి విడిచిపెట్టిరి. కీర్తి వచ్చిన మూడు నెలలకే కష్టమును చూచిన ఆతడు మఱల మౌనముగా తన సాధనకు మఱలెను.

1961లో అబెబె గ్రీసు దేశమున అథెన్సునందు వట్టికాళ్లతోనే పరుగెత్తి గెలిచెను. పిమ్మట జపాను దేశమందలి ఒసాకా నగరమున పందెమునకు పిలువబడెను. అచ్చట కిహాచిరో ఒనిత్సుకా యను బూట్ల తయారీదారు ఆతని బసకు వచ్చి కలిసికొనెను. ఈతడు 1949లో, యుద్ధముచే చితికిన జపానులో, యువకులకు క్రీడలయందు ఆసక్తి కలిగించు తలంపుతో చిన్న కర్మాగారము నెలకొల్పినవాడు. భోజనమున వడ్డించిన ఆక్టోపస్ అను సముద్రజంతువు చేతికి గల పీల్చుడు గిన్నెలను చూచి, నేలను గట్టిగా పట్టుకొను బూటు అట్టను కల్పించినవాడు. పరుగువీరులకు బొబ్బలేల కలుగునని విచారించి, పాదము వేడెక్కుటయే కారణమని యెఱిగి, గాలి ఆడుటకు రంధ్రములు గల తేలిక బూట్లు చేయించినవాడు. జపాను వీథులలో గాజుపెంకులు మున్నగునవి యుండునని, పాదమునకు రక్షణ వలయునని ఆతడు వివరించెను. వట్టికాళ్లతో ప్రపంచ విజేతయైనవానికి బూట్లు వేసికొమ్మని చెప్పుట సులభము కాదు. తన కీర్తికంతకు ఆ వట్టికాళ్లే గుఱుతని పట్టుపట్టియుండినచో అబెబె మాట చెల్లియుండెడిది. కాని ఆతడు ఆ పట్టు పట్టలేదు. ఒనిత్సుకా యిచ్చిన తేలిక బూట్లు పాదమునకు అమరెను. వానిని తొడిగికొని పరుగెత్తి ఒసాకాలో గెలిచెను.

బూట్లు లేక గెలిచిన ఘనతను బూట్లకై విడిచిన ఈ వివేకము గమనింపదగినది. సరిపడని బూటును రోములో విడిచెను. సరిపడిన బూటును ఒసాకాలో గ్రహించెను. రెండు చోటులను ఆతడు అడిగిన ప్రశ్న యొక్కటే: పాదమునకు ఏది మేలు? నేడును పరుగుబూట్లు ఎన్నుకొనువారికి ఇదియే మొదటి సూత్రము. పాదములు పగలంతయు నడచిన పిమ్మట కొంత ఉబ్బును గనుక సాయంకాలమున కొలత చూచుకొనవలెను. వ్రేళ్ల ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటు మిగులవలెను. మడమ జాఱరాదు. పరుగునందు వాడు మేజోళ్లతోనే బూటును తొడిగి చూడవలెను. పందెము నాడు క్రొత్తబూటు తొడుగరాదు. వెల చూచి గాని, వన్నె చూచి గాని, విజేత తొడిగెనని గాని కొనిన బూటు పాదము బాధను తీర్పలేదు.

1963లో అమెరికాలోని బోస్టన్ పందెమున అబెబె అయిదవవాడుగా వచ్చెను. మఱుసటి సంవత్సరమున ఒలింపిక్ క్రీడలు జపాను రాజధాని టోక్యోలో జరుగవలసి యుండెను. మారథాన్‌కు సుమారు నలువది దినముల ముందు అబెబె సాధన చేయుచు కడుపునొప్పితో బాధపడెను. ఉండుకము వాచినదని తెలిసి వైద్యులు శస్త్రచికిత్స చేసిరి. ఇక టోక్యో ఆశ విడువవలసినదే యని పలువురు భావించిరి. అబెబె ఆసుపత్రి ఆవరణలోనే నడక మొదలిడి, క్రమముగా పరుగు సాగించెను.

1964 అక్టోబరు 21వ తేదీన టోక్యో పందెమున ఆతడు తెల్లని మేజోళ్లు, జర్మనీలో తయారైన పూమా బూట్లు తొడిగి నిలిచెను. రోములోని వట్టికాళ్లను చూడవలెనని వచ్చినవారు నిరాశ చెందిరేమో గాని, పరుగు మాత్రము మఱింత ఉత్తమముగా సాగెను. సగము దారి గడచుసరికి ఆతని ప్రక్క ఎవ్వరును లేరు. 2 గంటల 12 నిమిషముల 11.2 సెకనులలో క్రీడాప్రాంగణమున గమ్యము చేరి, క్రొత్త ప్రపంచ ప్రమాణమును నెలకొల్పెను. రెండవవాడు వచ్చుటకు నాలుగు నిమిషములకు పైగా పట్టెను. ఆలోగా అబెబె పచ్చికపై వెల్లకిల పరుండి కాళ్లు గాలిలో నాడించుచు అంగసాధన చేయుచుండెను. ఒలింపిక్ మారథాన్‌ను రెండు సారులు గెలిచిన మొదటివాడు అబెబె. ఒకసారి బూట్లు లేక, ఒకసారి బూట్లతో గెలిచెను గనుక, విజయము బూట్లలో లేదనియు, బూట్ల నిషేధమునను లేదనియు ఆతడు నిరూపించినట్లయ్యెను.

టోక్యో విజయము పిమ్మట చక్రవర్తి ఆతనికి వోక్స్‌వాగన్ కారును బహూకరించెను. 1967 నుండి కాలి గాయములు ఆతనిని వేధింప సాగెను. 1968లో మెక్సికో నగరమున మూడవసారి ఒలింపిక్ మారథాన్‌కు నిలిచెను గాని, కాలి యెముక బాధచే సుమారు 17 కిలోమీటర్ల పిమ్మట పందెము విడువవలసి వచ్చెను. ఆనాడు గెలిచినవాడు ఆతని దేశీయుడే యైన మామో వోల్డే. తాను జీవితమున పరుగెత్తిన పదునాఱు మారథాన్‌లలో అబెబె పండ్రెండింట గెలుపొందెను.

పిమ్మట జరిగినది వినుటకు కష్టమైన సంగతి. 1969 మార్చి 22వ తేదీ రాత్రి అబెబె నడుపుచున్న కారు బోల్తాపడెను. వెన్నెముక దెబ్బతినెను. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ వైద్యశాలకు చేర్చి, ఎనిమిది నెలలు చికిత్స చేసిరి. చేతులకు బలము వచ్చెను గాని కాళ్లకు రాలేదు. రోము రాళ్లపై తడబడక పరుగెత్తిన పాదములు ఇక ఒక్క యడుగైనను వేయజాలవని తేలెను. ప్రమాదమునాటికి ఆతని వయస్సు ముప్పదియాఱేండ్లు.

ఇంత నష్టమునకు క్రుంగి గది మూలను కూర్చుండినను ఎవ్వరును తప్పుపట్టియుండరు. కాని ఆ వైద్యశాలలో లుడ్విగ్ గుట్మన్ అను వైద్యుడు వెన్నెముక దెబ్బతిన్నవారికి ఆటలే మందని నమ్మి, 1948 నుండి వారికై క్రీడలు జరుపుచుండెను. అబెబె చక్రముల కుర్చీలో కూర్చుండి విల్లు చేపట్టెను. 1970లో అచ్చటి క్రీడలయందు విలువిద్యలోను, బల్లబంతి యాటలోను పాల్గొనెను. 1971లో నార్వే దేశమున వికలాంగుల క్రీడలకు అతిథిగా పోయి, మంచుపై జారుబండి పందెమున దిగి ప్రథముడుగా నిలిచెను. మంచు నెఱుగని దేశమున పుట్టి, చెప్పులెఱుగని పాదములతో పెరిగినవాడు మంచునేలపై, పాదములతో పనిలేని పందెమున గెలిచెను. 1972లో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలకు ఆతనిని అతిథిగా పిలిచిరి. చక్రముల కుర్చీలో ఆతడు ప్రాంగణమున ప్రవేశింపగనే జనులు లేచి నిలిచి హర్షధ్వానములు చేసిరి.

1973 అక్టోబరు 25వ తేదీన, నలువదియొకటవ యేట, మెదడులో రక్తనాళము చిట్లి అబెబె కన్నుమూసెను. సైనిక లాంఛనములతో జరిగిన అంత్యక్రియలకు వేలకొలది జనులు తరలివచ్చిరి. చక్రవర్తి స్వయముగా హాజరయ్యెను. అడిస్ అబాబాలో ఒక క్రీడాప్రాంగణమునకు ఆతని పేరిడిరి. రోములో నిలిచిన ఆక్సుమ్ స్తంభమును ఇటలీ ప్రభుత్వము 2005లో ఇథియోపియాకు తిరిగి పంపెను. 2008లో అది స్వస్థలమున మఱల నిలిచెను. 2010లో, రోము విజయమునకు ఏబదియేండ్లు నిండిన సందర్భమున, ఆ నగరపు మారథాన్‌లో ముందంజ వేసిన సిరాజ్ గెనా అను ఇథియోపియా యువకుడు గమ్యమునకు కొన్నివందల మీటర్ల ముందు నిలిచి, బూట్లు విప్పి, మిగిలిన దూరము వట్టికాళ్లతో పరుగెత్తి గెలిచెను. అది గెలుపునకై కాదు, నమస్కారముగా.

తరువాతి కాలమున పరుగుబూట్లలో ఎన్నో మార్పులు వచ్చెను. మందమైన నురుగు అట్టలు, వాని నడుమ బొగ్గునారతో చేసిన పలకలు గల బూట్లు వెలువడెను. వాని బలమే పందెమును నిర్ణయించునేమో యను శంకతో ప్రపంచ క్రీడాసంస్థ 2020లో అట్ట మందమునకు 40 మిల్లీమీటర్ల పరిమితి విధించెను. బూటు ఎంత పెరిగినను దానిలో నుండవలసినది పాదమే, ఆ పాదమును నడుపవలసినది సాధనయే. పాదములు ఉన్నపుడు వాని మాట వినియు, అవి పోయినపుడు చేతులను నమ్మియు, ఉన్న సాధనముతో ఉత్తమముగా శ్రమించుట అబెబె జీవితము. పేద పశువుల కాపరి బిడ్డ ప్రపంచమున ఏకైక వీరుడై నిలుచుటకు మూలము అదియే.